పల్లెపాట: పాతదన్న వాదము, క్రొత్తదన్న వాదము

గడచిన ఉగాది వేడుకలకు ముందు మన పిల్లలు నృత్యప్రదర్శన కొఱకు అభ్యాసము చేయుచుండగా ఒక చిన్న తగవు పుట్టినది. పిల్లలు ఎన్నుకొన్నది ఇటీవలి చలనచిత్రములోని ఒక దరువు పాట. కార్యక్రమపత్రములో దానిని ‘పల్లెపాటలు’ అను శీర్షిక క్రింద చేర్చియుండిరి. పదవీవిరమణ చేసి పదేండ్లు దాటిన పెద్ద ఒకరు లేచి, “ఇది పల్లెపాట ఎట్లా అవుతుంది నాయనా? పల్లెపాటంటే మా అమ్మ వడ్లు దంచుతూ పాడింది” అనిరి. అభ్యాసము చేయించుచున్న యువకుడు, “బాబాయిగారూ, మీరన్నది నిజమే. కాని మాలో వడ్లు దంచినవాళ్లు ఎవరున్నారండీ?” అని వినయముగానే బదులు చెప్పెను. ఆపై మాటలు పెరిగినవి. పాతపాటలన్నియు ఏడుపు రాగములని ఒకరు, క్రొత్తపాటలు పాటలే కావు చప్పుళ్ళని మఱొకరు. అందఱి చేతులలోను టీ చల్లారినది. తీర్పు చెప్పగలవారెవరును లేకపోయిరి.

నేను పండితుడను కాను. ఉద్యోగరీత్యా అంకెలతో కాలము గడపినవాడను. అయినను ఆ తగవు నన్ను విడువలేదు. ఇంట నున్న పాతపుస్తకములను తిరుగవేసితిని, గ్రంథాలయమునకు పోయితిని, ఎఱిగినవారి నడిగితిని. చదివినకొలదియు తెలిసినదేమనగా, ఈ వివాదము మన అభ్యాసశాలలో పుట్టినది కాదు. ఇది మన సాహిత్యమంత పాతది.

పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దివాడు. ఆయన తన పండితారాధ్య చరిత్రములో శ్రీశైలయాత్రకు వచ్చిన భక్తులు పాడుకొను పదములను పేర్కొనెను. తుమ్మెద పదములు, పర్వత పదములు, శంకర పదములు, ఆనంద పదములు, నివాళి పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు అని ఆ వరుస సాగును. పేరులు మనకు మిగిలినవి. పాటలు మాత్రము ఆనాటి రూపమున దక్కినట్లు కానరాదు. సోమనాథుడు పల్లెవారి నోట మెలగిన ద్విపదను తన కావ్యములకు ఎన్నుకొనెను. నాటి పండితలోకమునకు వృత్తములతో కూడిన చంపూమార్గమే గౌరవము గలది. ద్విపదను వెక్కిరించు చాటువొకటి చాలకాలము పండితుల నోట నిలిచినది. అనగా నేడు మనము ‘పాతది, పవిత్రమైనది’ అని చేతులెత్తి మ్రొక్కు బాణి ఆనాడు పండితుల కంటికి క్రొత్తది, నాగరికము కానిది. మర్యాదగల పాతది వేఱొకటి యుండెను.

తాళ్ళపాక అన్నమాచార్యుల సంగతి ఇంకను విచిత్రము. ఆయన (1408-1503) సువ్వి, గొబ్బి, లాలి, జాజర, ఏల మొదలగు పల్లెవరుసలను దేవునికై వాడుకొనెను. తాళ్ళపాకవారి సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములో భద్రపఱచిరి. ఆ రేకుల మీద రాగము పేరు కలదు గాని, స్వరము లేదు. శతాబ్దుల తరువాత అవి వెలుగుచూచినప్పుడు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు వానికి వరుసలు కట్టవలసివచ్చినది. కావున మనము తెల్లవారుజామున విని ‘ఆహా, ఐదువందల ఏండ్ల నాటి పాట’ యని కన్నులు మూసికొనునది పెక్కుపట్ల 20వ శతాబ్దిలో కట్టిన వరుస. మాట పాతది, పాట క్రొత్తది. ఇందు తప్పేమియు లేదు. కాని పాతదనమును గూర్చి వాదించువారు ఈ విషయమును ఒకసారి తలచుకొన్నచో గొంతు కొంత తగ్గును.

పాతపాటలు భక్తితోడను శాంతముతోడను నిండియుండెడివి, రాజకీయములు క్రొత్తపాటలలో జొరబడినవి అను మాటయు ఆనాడు వినబడినది. ఇది చరిత్రకు నిలువదు. 1874లో ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ అను పత్రికలో జె. ఏ. బాయిల్ అను ఆంగ్లేయుడు తెలుగు వీరగాథలను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. అందు సర్వాయి పాపని పాట కలదు. పాపడు 18వ శతాబ్ది ఆరంభమున తెలంగాణమున మొగలాయి అధికారుల నెదిర్చి కోటలు పట్టినవాడు, 1710లో చంపబడినవాడు. సర్కారు దృష్టిలో బందిపోటు, పాటలో వీరుడు. అతడు చచ్చిన నూటయఱువది ఏండ్లకు పైగా గడచినను ఆ పాట ఏ రాజాశ్రయమును లేకయే జనుల నోట బ్రతికియున్నది. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధము సంగతియు అంతే. ఆ పాటలు పుట్టిననాడు అవి వార్తలు. వార్త పాతబడగా మనకది జానపదసాహిత్యమైనది.

20వ శతాబ్దిలో చదువుకొన్నవారి చూపు పల్లెపాటపై పడినది. నండూరి సుబ్బారావుగారు న్యాయవాది. ఆయన ఎంకిపాటలు 1925లో పుస్తకముగా వెలువడినప్పుడు యువకులు వానిని కంఠస్థము చేసిరి, పండితులలో కొందఱు గ్రామ్యమని ముక్కు విఱిచిరి. మఱికొందఱు దీనికి సరిగా వ్యతిరేకమైన ఆక్షేపణ చేసిరి: ఇది పల్లెపాట కాదు, పట్టణపు కవి పల్లెవేషము వేసికొన్నాడని. ఒకే పుస్తకము ఒకరికి మితిమీఱిన పల్లెటూరిది, ఇంకొకరికి చాలినంత పల్లెటూరిది కానిది! నా మట్టుకు నాకు రెండవ ఆక్షేపణలోనే కొంత బలము కనబడును. కాని అంతమాత్రమున ఎంకి చిన్నబోదు.

నేదునూరి గంగాధరముగారు, టేకుమళ్ళ కామేశ్వరరావుగారు మొదలగు సేకర్తలు చేసిన సేవను ఎంత చెప్పినను తక్కువే. పాట నెవరు పాడిన వారి యింటికి పోయి వ్రాసికొనుట ఎంత ఓపికతో కూడిన పని! బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమునకై సమర్పించిన ‘తెలుగు జానపద గేయసాహిత్యము’ 1958లో అచ్చయి, ఆ విషయమును విద్యాలయములలో కూర్చుండబెట్టినది. జానపదగేయమునకు విద్వాంసులు సాధారణముగా చెప్పు లక్షణములు రెండు: కర్త యెవరో తెలియకుండుట, నోటినుండి నోటికి ప్రాకుట. ఈ మొదటి లక్షణము నాకు ఎప్పుడును సందేహము కలిగించును. కర్త లేని పాట యుండునా? ఏ దంపుడు పాటనైనను మొదట ఒక ఆడుది పాడియుండవలెను. ఆమె పేరును మనము మఱచితిమి. మన మఱపును పాట లక్షణముగా వ్రాసికొన్నాము. ఈ మాటకు తరువాత మరల వచ్చెదను.

పాతక్రొత్తల వివాదమునకు బుర్రకథకంటె మంచి సాక్ష్యము లేదు. నేడు ఏ సాంస్కృతికోత్సవములోనైనను బుర్రకథ మన ‘ప్రాచీన’ కళగా వేదికనెక్కును. దానికి మూలమైన జంగము కథ నిజముగా పాతదే. జంగములు తంబుర మీటుచు ఊరూర కథలు చెప్పుకొని బ్రతికెడివారు. కాని మనమెఱిగిన బుర్రకథ రూపము ఏర్పడినది 1940ల నాటి పోరాటములలో. 1943లో ఏర్పడి, డాక్టరు గరికపాటి రాజారావుగారి వంటివారు నడపిన ప్రజానాట్యమండలి ఆ రూపమును చేతబట్టినది. సుంకర సత్యనారాయణగారు ‘కష్టజీవి’ని వ్రాసిరి. గుంటూరు మండలములోని పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్‌గారు దానిని ఆంధ్రదేశమంతట మ్రోగించిరి. నాజర్‌గారు శాస్త్రీయసంగీతము నేర్చినవారు. కథకుడు నడుమ, హాస్యగాడొక ప్రక్క, నాటి రాజకీయములు పలుకు వంతగాడు ఇంకొక ప్రక్క. ఆ మూడవవాడు పాత జంగము కథలో లేడు. బెంగాలు కఱవు, పల్నాటి యుద్ధము, అల్లూరి సీతారామరాజు – పాతకథయు నేటికథయు ఒకే గుమ్మెట దరువుమీద నడచినవి.

నాడు దీనిని ఎట్లు చూచిరి? ఒక పక్షమువారు మతకథలు చెప్పుకొను కళను పార్టీ ప్రచారమునకు దింపినారని నొచ్చుకొనిరి. మఱొక పక్షమువారికి అదియే కళకు పునర్జన్మ. ప్రభుత్వమునకు అది శాంతిభద్రతల సమస్య. సుంకర, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు కలిసి వ్రాసిన ‘మా భూమి’ నాటకమును నిషేధించిన దినములవి. ప్రభుత్వము వెంబడించిన ఆ కళ కొన్నేండ్లకే ప్రభుత్వ పథకములను చాటుటకు పనికివచ్చినది. కుటుంబనియంత్రణ, పొదుపు, పారిశుద్ధ్యము, ఏదైనను బుర్రకథలో చెప్పించిరి. 1986లో నాజర్‌గారికి పద్మశ్రీ లభించినది. ఆయన తన జీవితకథకు పెట్టుకొన్న పేరు ‘పింజారి’. దూదేకుల ఇంటి బిడ్డడు అట్టి పేరును బిరుదువలె ధరించినాడన్న మాట. ఆయన 1997లో దివంగతుడయ్యెను. నేడు బుర్రకథను ‘పూర్వము చెప్పినట్లు’ చెప్పవలెనని పట్టుబట్టువారు తలచుకొను పూర్వము నాజర్‌గారిదే, అనగా ఆనాటి క్రొత్తది.

రేడియో సంగతి కేంద్రప్రభుత్వ ఉద్యోగులమైన మనకు తెలియవలసినది. పాటలలో ఏది భారతీయము, ఏది కాదు అను ప్రశ్నకు ఉత్తరువు మూలముగా సమాధానము చెప్పిన శాఖ అది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును తన స్టూడియోలనుండి బహిష్కరించినది. అది ఐరోపానుండి వచ్చిన పెట్టె, మన గమకములు దానిలో పలుకవు అనునది వాదము. వాదములో శాస్త్రము లేకపోలేదు. కాని అప్పటికే ఆ పెట్టె మన భజనమందిరములలోను, పద్యనాటకముల ముందువరుసలోను ఇంటి మనిషియై కూర్చున్నది. పల్లెవానికి అది పాతది. ఢిల్లీ అధికారికి అది పరాయిది. నిషేధము 1971లో గాని సడలలేదు. ముప్పదియొక్క ఏండ్లు! ఒక ఫైలు అన్నేండ్లు కదలక యుండుట మనకు ఆశ్చర్యము కలిగింపదు గాని, సంగీతములో అది ఒక తరము.

1952లో సమాచార ప్రసారశాఖ మంత్రి కేస్కర్‌గారు చలనచిత్ర గీతములను రేడియోలో అణచివేయబూనిరి. శాస్త్రీయ సంగీతముతోనే జనుల అభిరుచి బాగుపడునని ఆయన తలంపు. జనులు రేడియో ముల్లును సిలోను వైపు త్రిప్పిరి. చివరకు 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టక తప్పలేదు. మంచి ఉద్దేశముతో జారీచేసిన ఉత్తరువులు అభిరుచిని మార్చలేవనుటకు ఇంతకంటె ఏమి కావలెను?

అదే రేడియో వేఱొక మేలు చేసినది. కాకినాడలో పుట్టి, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మేనకోడండ్రయిన వింజమూరి అనసూయ, సీత అను అక్కచెల్లెండ్రు పల్లెపాటను మదరాసు రేడియోకును గ్రామఫోను రికార్డులకును సంగీతసభలకును తెచ్చిన వారిలో అగ్రగణ్యులు. పొలమునుండి వచ్చిన పాటను శ్రుతిచేసికొని, పట్టుచీర కట్టుకొని, సభలో పాడుట ఏమిటని నొసలు చిట్లించినవారుండిరి. పాటకు మెఱుగుపెట్టినారు గాని మట్టివాసన తుడిచినారని చెప్పువారు నేటికిని కలరు. అట్లనుట సులభము. కాని కోస్తా ఇండ్లలో, మన బోటి ఉద్యోగస్థుల కుటుంబములలో, పల్లెపాటను సిగ్గుపడక పాడుకొను ధైర్యము వారివలననే కలిగినదని నా నమ్మకము. మా అత్తగారు అట్లే నేర్చుకొన్నారు. పొలమునుండి కాదు, రేడియోనుండి.

ఈ కథలో నాకు మిక్కిలి నచ్చిన మలుపు తెలంగాణమునుండి వచ్చినది. రజాకార్ల దినములలో సుద్దాల హనుమంతుగారు, బండి యాదగిరిగారు మొదలగువారు గొల్లసుద్దులనుండియు పనిపాటలనుండియు వరుసలు తీసికొని పోరాటగీతములు కట్టిరి. నైజాం సర్కారును ధిక్కరించిన యాదగిరిగారి పాట ఆయన మరణానంతరము ఊరూర బ్రతికినది. బి. నరసింగరావుగారు నిర్మింపగా గౌతమ్ ఘోష్ దర్శకత్వమున 1979లో తయారై మఱుసటి యేడు విడుదలయిన ‘మా భూమి’ చిత్రములో ఆ పాటను గద్దర్‌గారు తెరపై పాడిరి. ఆ చిత్రమునకు సంగీతము కూర్చినవారిలో ఒకరు వింజమూరి సీతగారు! పట్టుచీర సభలని ఎగతాళిచేయబడిన ఆమెయు, గోచీ గొంగడులతో పాడిన ఆయనయు ఒకే చిత్రములో కలిసికొనిరి. మన వాదములలో ఈ ఇరువురిని ఎదురెదురు గట్లమీద నిలుపుచుందుము. పాట మాత్రము నడుమ వంతెన వేసికొన్నది.

అటుపిమ్మట ఉత్తరాంధ్రనుండి వంగపండు ప్రసాదరావుగారు, పాలమూరునుండి గోరటి వెంకన్నగారు వచ్చిరి. వెంకన్నగారి పల్లె దుఃఖగీతము 2002లో ‘కుబుసం’ చిత్రము ద్వారా ఇంటింట వినబడినది. 2021లో ఆయనకు ‘వల్లంకి తాళం’ అను గ్రంథమునకు సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. సుద్దాల హనుమంతుగారి కుమారుడు అశోక్ తేజగారు చలనచిత్రకవియై జాతీయ పురస్కార మందుకొన్నారు. తండ్రిది పాతపాట, కొడుకుది క్రొత్తపాట యని గీత గీయుటకు నాకు చేయి ఆడదు.

మనము నివసించు ఈ ప్రాంతమువారు ఇట్టి తగవు పడలేదా యనిన, పడిరి. మన హర్యానా ఇరుగుపొరుగుల ఇండ్లలో మ్రోగు ‘రాగిణి’కి పెద్దపేరు పండిత లఖ్మీచంద్ (1903-1945). ఆయన ఆడించిన ‘సాంగ్’ మన వీథినాటకమునకు అక్క వంటిది. ఆ కాలమున ఆర్యసమాజ సంస్కర్తలు సాంగ్‌లను అశ్లీలమని నిరసించి, వానికి బదులు భజనోపదేశములు ఏర్పాటుచేసిరి. నేడు రోహ్తక్‌లోని ప్రభుత్వ కళావిశ్వవిద్యాలయము లఖ్మీచంద్ పేరుననే నడచుచున్నది. 2020లో రేణుకా పన్వర్ పాడిన, ఏబదిరెండు గజముల పావడా అడుగు కోడలి పాట మన బజారులలో మార్మ్రోగినప్పుడు, లఖ్మీచంద్ రాగిణి ముందు ఇదేమి పాట యని ఇచ్చటి పెద్దలు తల పట్టుకొనిరి. ఉగాదినాటి మన పెద్దాయనను వారి నడుమ కూర్చుండబెట్టిన, భాష తెలియకున్నను స్నేహము కుదిరియుండును.

ఫరీదాబాదులో ఇంకొక పాఠమును కలదు. మన ఎన్.ఐ.టి. ప్రాంతము 1949 తరువాత బన్ను, డేరా ఇస్మాయిల్ ఖాన్ మొదలగు వాయవ్య సరిహద్దు ప్రాంతములనుండి వచ్చిన కాందిశీకుల కొఱకు కట్టిన ఊరు. మా వీథిలో ఆ తరపు వృద్ధుడొకడుండెను. మీ ఊరి పాటలు ఏవైన జ్ఞాపకమున్నవా యని నేనడిగితిని. “పెండ్లి పాటలు మా ఆడవారికి అన్నీ వచ్చును, కోతల పాటలు నాకే మఱపునకు వచ్చినవి” అని ఆయన తన భాషలో చెప్పెను. కారణము అడుగ నక్కఱలేకపోయెను. పెండ్లి వారి వెంట ఈ ఊరికి వచ్చినది. పొలము రాలేదు.

మన పాటలకును జరిగినది ఇదియే. దంపుడు పాటను చంపినది చలనచిత్రమని అందుము. కాదు, బియ్యపు మిల్లు చంపినది. రోకలి లేచి పడు వేగమే ఆ పాటకు తాళము. ఇద్దఱు ముగ్గురు ఆడువారు ఒకే రోటిలో పోటు వేయునప్పుడు రోకళ్ళు ఒకదానికొకటి తగులకుండ కాచునది పాట. పాట తప్పిన చేయి నలుగును. అట్టి పాటను మిల్లు మరపట్టిన బియ్యముతో వండిన ఇంటిలో ఎవరు, ఎందులకు పాడవలెను? తిరుగలి పాటకు పిండిమరయు, పడవ పాటకు మరపడవయు అదే పని చేసినవి. మోట పాట సంగతి మన ఊరివారికి మఱింత దగ్గఱిది. ఎడ్లు బావి వాలులో దిగుచు ఎక్కుచు తోలువానిచేత పాడించిన పాట అది. దిగునప్పుడొక వరుస, ఎక్కునప్పుడొక వరుస. తోడిన బానలు లెక్కించుకొనుటకును అది ఆధారము. ఆయిలు ఇంజనులు, విద్యుత్తు మోటార్లు, గొట్టపుబావులు వచ్చి ఎడ్లను విడిపించినవి. దేశపు భూగర్భజలములను లెక్కగట్టు కేంద్రసంస్థ ప్రధానకార్యాలయము మన ఎన్.ఐ.టి.లోని భూజల భవనములోనే కలదు. అది 1954లో గొట్టపుబావుల అన్వేషణకై ఏర్పడిన శాఖకు 1970లో వచ్చిన రూపము. అందలి మన మిత్రులు కోపగింపకుందురు గాక, మోట పాట మరణపత్రము ఏ సినిమా కంపెనీలోను లేదు. వెదకిన వారి ఫైళ్ళలోనే దొరకును!

ఆ పనులు పోయినందులకు నేను కన్నీరు కార్చను. వడ్లు దంచిన చేతులు ఎట్లుండెడివో మా నాయనమ్మ అరచేతులు చూచినవాడను. పాట తీయగా నున్నది గావున పని తీయగా నుండెడిదని తలచుట, కూర్చుండి వినువారి భ్రమ. పాతపాటను పొగడుటలో ఈ భ్రమ కొంత లేకపోలేదని పెద్దలు క్షమింతురు గాక.

పండుగ ఉన్నచోట పాట ఉన్నది, దానితో తగవును ఉన్నది. 2021లో బతుకమ్మకు ఏ. ఆర్. రెహమాన్‌గారి సంగీతముతో, మిట్టపల్లి సురేందర్‌గారి మాటలతో ఒక పాట వెలువడినప్పుడు తెలంగాణమున రెండు పక్షములేర్పడినవి. మన పండుగ లోకమునకు తెలిసినదని కొందఱు సంతోషించిరి. చప్పట్లు చఱచుచు వలయముగా తిరుగు ఆడువారు పాడలేని పాట బతుకమ్మ పాట యెట్లగునని కొందఱు ప్రశ్నించిరి. ఈ రెండవ ప్రశ్న నాకు సరియైనదిగా తోచును. ఇందు పాత, క్రొత్త అను మాట లేదు. పదిమంది కలిసి పాడుటకు వీలగునా, కాదా అనునదే కలదు. 2023లో ఆస్కారు బహుమతి పొందిన ‘నాటు నాటు’ పాటను గూర్చియు నేను ఇట్లే చూతును. చంద్రబోస్‌గారి మాటలలో పల్లె కలదు, కీరవాణిగారి దరువులో పల్లె కలదు. ఆ వేగమునకు ఆడుట మాత్రము జీతము తీసికొని సాధనచేయువారి పని. మన పిల్లలు ఎన్నుకొన్న పాటకును ఈ కొలతయే పెట్టవలసియుండెను. మేము ఆ మాట తలపెట్టక దాని పుట్టిన తేదీ గూర్చి కొట్లాడితిమి.

పల్లెపాటకు అసలు చిక్కు వేఱొకటి కలదు. దానిని గూర్చి ఉగాదినాడు ఎవరును నోరెత్తలేదు, నేనును ఎత్తలేదు. పండ్రెండు మెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగులయ్యగారు పండుగ సాయన్న, పానుగంటి మియాసాబు మొదలగువారి కథలు పాడుచు తెలంగాణపు ఊళ్ళలో తిరిగినవారు. 2021లో ఒక పెద్ద చిత్రపు పాటకు ఆయన గొంతు, కిన్నెర వినబడగానే దేశమంతట పేరు వచ్చినది. 2022లో పద్మశ్రీ వచ్చినది. 2024లో ఆయన కట్టడముల వద్ద కూలిపని చేయుచున్నాడని పత్రికలు వ్రాసినవి. పాత కిన్నెర క్రొత్త సినిమాలో చేరవచ్చునా కూడదా యని చర్చించిన మనము, కిన్నెరగాని పొయ్యి మాట అడుగలేదు.

కర్త తెలియని పాట యన్న లక్షణమునకు మరల వచ్చెదనంటిని. ఆ లక్షణము పుస్తకములలో నిలిచినంతసేపు హానిలేదు. అది వ్యాపారములో ప్రవేశించినప్పుడు ‘సంప్రదాయము’ అను ఒక్కమాటగా మాఱును. సంప్రదాయమునకు పారితోషికము ఇయ్యనక్కఱలేదు. 1957 నాటి కాపీరైటు చట్టము కర్తను ఎఱుగును. 1994 సవరణ పాడువాని హక్కును గుర్తించినది. 2012 సవరణ పాటల రచయితలకును గాయకులకును రాయల్టీ కల్పించినది. కాని ఊరుమ్మడి పాటకు, తరతరములుగా దానిని కాపాడిన కులములవారికి, వృత్తిగాయకులకు మన దేశములో నేటికిని ప్రత్యేక చట్టరక్షణ లేదు. బండి యాదగిరి అను పేరు తెలియక ఆయన పాటను గద్దర్‌గారిదే యనుకొన్నవారు ఎందరో. ఒక మనిషి కట్టినాడని ఊరివారు సాక్ష్యము చెప్పగలిగిన పాటకే ఇట్లు జరిగినది.

2016లో మన సూరజ్‌కుండ్ మేళాకు తెలంగాణము ప్రధానరాష్ట్రముగా వచ్చినప్పుడు మనలో చాలమంది కుటుంబములతో పోయియుందురు. నేనును పోయితిని. వాద్యకారుల ప్రక్క నిలిచి ఫోటోలు తీయించుకొన్నవారు వందలు. నేనును ఒకటి తీయించుకొంటిని. అది ఇప్పటికిని మా ముందుగదిలో గోడనున్నది. ఆ ఫోటోలో నా ప్రక్కనున్న మనిషి పేరు నేను అడుగలేదు.

ఇక ఉగాది తగవు ఎట్లు తీఱినదో చెప్పవలెను. ఆనాడు అభ్యాసము చూచుటకు ఒక మిత్రుని తల్లిగారు వచ్చియుండిరి. ఎనుబది దాటినవారు, గోదావరి మండలమునుండి శీతకాలము గడచువఱకు కొడుకు ఇంట నుండుటకు వచ్చి, ఉగాదిదాక ఆగినవారు. పెద్దాయన ఆమె వంక తిరిగి, “అమ్మగారూ, మీరైనా ఒక దంపుడు పాట పాడి వీళ్లకు వినిపించండి” అని వేడుకొనిరి. ఆమె నవ్వి మొదలుపెట్టిరి. రెండు పాదములు వచ్చినవి. మూడవది రాలేదు. మరల మొదలుపెట్టిరి, మరల అక్కడనే ఆగినది. “రావటంలేదు నాయనా, ఎన్నేళ్లయిందో” అని చేతులు ఒడిలో పెట్టుకొనిరి. అందఱమును మౌనముగా నుంటిమి.

అప్పుడు అభ్యాసము చేయించుచున్న ఆ యువకుడే వంటగదిలోనికి పోయి రొట్టెలు ఒత్తు కఱ్ఱనొకదానిని తెచ్చి, “మామ్మగారూ, ఇది పట్టుకుని చూడండి” అని ఆమె చేతికిచ్చెను. ఆమె దానిని నిలువుగా పట్టుకొని, కాళ్ళ ముందున్న చాపమీద మెల్లగా ఒక పోటు వేసిరి. ఇంకొకటి వేసిరి. నాలుగవ పోటునకు ఆగిపోయిన మూడవ పాదము వచ్చినది. దాని వెంట తక్కినవన్నియు వచ్చినవి. పిల్లలలో ఒకడు నేలమీద వ్రేళ్ళతో ఆ దరువు పట్టుకొనెను. పాట ముగిసినపిమ్మట పెద్దాయన, “ఎవరు కట్టిన పాటమ్మా ఇది?” అని అడిగిరి.

“మా పెదతల్లి సుబ్బమ్మ కట్టింది. ఎవరూ కట్టకుండా ఎలా వస్తుంది?” అని ఆమె అనిరి.

కార్యక్రమపత్రములో ఆ రాత్రియే ఒక వరుస చేర్చితిమి. అందు పాట పేరు, పాడువారి పేరు, వాని క్రింద సుబ్బమ్మగారి పేరు ఉన్నవి. పిల్లల దరువు పాట దాని తరువాత జరిగినది.